ప్రభువులోకి వచ్చాక

మా వైపు విశ్వాసులు ఇద్దరు కొత్తగా కలిస్తే, వందనాలు చెప్పుకున్న కాసేపటికే ఒక ప్రశ్న వస్తుంది. "ప్రభువులోకి ఎప్పుడొచ్చారక్కా?" ఆ ప్రశ్నను ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. "పెద్దోడికి జబ్బు చేసినప్పుడు", "మా అమ్మ కాలంలోనే", "పెళ్లయి ఇక్కడికొచ్చినాక" అని జవాబు వస్తుంది. ఆ మనిషే కన్నుమూస్తే వీధి మొదట్లో కట్టే ఫ్లెక్సీ మీద "ప్రభువునందు నిద్రించారు" అని రాస్తారు. "లోకి"తో మొదలైన విశ్వాసం "నందు"తో ముగుస్తుంది. ఈ రెండు విభక్తుల నడుమ ముప్పై నలభై ఏళ్లుంటాయి. కూలి పనులు, అప్పులు, పిల్లల పెళ్లిళ్లు, ఊరి జాతరలు, ఎన్నికలు, ఆస్పత్రులు ఉంటాయి. అన్నేళ్లూ ఆ మనిషి ఎక్కడున్నట్టు? క్రీస్తులో ఉండి బతకడమంటే పల్లెలో, రోజువారీగా, ఏం చేయడం?

ఈ ప్రశ్నకు తెలుగు క్రైస్తవం నూటయాభై ఏళ్లకు పైగా జవాబులు చెప్పుకుంటూనే ఉంది. వాటిని ఒకచోట పెట్టి చూద్దామని ఈ వ్యాసం. వడమాలపేటను ఎదురుగా పెట్టుకుని రాస్తున్నాను. రేణిగుంటకూ పుత్తూరుకూ నడుమ, తిరుపతి నుంచి చెన్నై పోయే రహదారి మీది మండల కేంద్రం అది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు చిత్తూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అప్పలాయగుంట ప్రసన్న వెంకటేశ్వరస్వామి ఆలయం ఈ మండలంలోదే. పురటాసి నెలలో తమిళనాడు నుంచి పసుపు బట్టలతో నడిచి వచ్చే భక్తులకు ఇది తిరుమల దారి. ఈ దారికి అటూ ఇటూ పల్లెల అంచుల్లో హరిజనవాడలు, ఆది ఆంధ్రవాడలు ఉన్నాయి. చిరునామాల్లో వాటిని హెచ్.డబ్ల్యూ., ఏ.ఏ.డబ్ల్యూ. అని రాస్తారు. మందిరాలు ఎక్కువగా అక్కడే ఉంటాయి. రేకుల కప్పు, ప్లాస్టిక్ కుర్చీలు, ఒక కీబోర్డు, గదికి మించిన స్పీకరు. ఒక మహాక్షేత్రం నీడలో, కొద్దిమందిగా, పేదలుగా ఉంటూ "మేం క్రీస్తులో ఉన్నాం" అని చెప్పుకోవడం హైదరాబాదు స్టేడియంలో చెప్పుకున్నంత తేలిక కాదు. అందుకే ప్రశ్నను ఇక్కడ నిలబెట్టి చూడాలనిపించింది.

ఇక్కడికి సువార్త రెండు దిక్కుల నుంచి వచ్చింది. పడమటి వైపు చిత్తూరు, పలమనేరు, మదనపల్లెల్లో అమెరికన్ ఆర్కాట్ మిషన్ పనిచేసింది. స్కడర్ సోదరులు 1853లో పెట్టిన మిషన్ అది. జేకబ్ చాంబర్లిన్ 1863లో మదనపల్లె చేరి అక్కడే స్థిరపడ్డాడు. తూర్పు వైపు నుంచి జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ లూథరన్లు వచ్చారు. అంతకుముందు తమిళనాట లైప్‌జిగ్ మిషన్‌లో పనిచేసిన ఆగస్ట్ మిలియస్ 1860ల మధ్యలో సూళ్లూరుపేట వైపు పని మొదలుపెట్టాడు. అక్కడి నుంచి నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి దాకా లూథరన్ సంఘాలు పాకాయి. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో జర్మన్ల పని అమెరికాలోని ఒహాయో లూథరన్ల చేతికి మారింది. తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం ఆ వారసత్వమే. ఆ తరువాత వచ్చిన స్వతంత్ర సంఘాలు, పెంతెకొస్తు సంఘాలు ఇప్పుడు పల్లె పల్లెనా ఉన్నాయి.

ముందు "క్రీస్తులో" అన్న ఆ మాట సంగతి చూద్దాం. కొత్త నిబంధన మొత్తంలో "క్రైస్తవుడు" అన్న మాట మూడంటే మూడు చోట్ల వస్తుంది. "క్రీస్తునందు", "ప్రభువునందు" లాంటి పలుకులు మాత్రం పౌలు పత్రికల్లో అడుగడుగునా ఉంటాయి. 1892లో జర్మన్ పండితుడు ఆడాల్ఫ్ డైస్మన్ లెక్కపెట్టి వాటిని 160కి పైగా తేల్చాడు. పౌలుకు అది నినాదమూ కాదు, అలంకారమూ కాదు, తానుండే చోటు. 1930లో ఆల్బర్ట్ ష్వైట్జర్ ఇంకో అడుగు వేసి, విశ్వాసం ద్వారా నీతిమంతులుగా తీర్చబడడమన్న సిద్ధాంతం కంటే క్రీస్తులో ఉండడమే పౌలు ఆలోచనకు నడిబొడ్డు అన్నాడు. లూథరన్లకు అది మింగుడుపడలేదు. ఆ వాదం ఇప్పటికీ నడుస్తోంది. మన తెలుగు విశ్వాసులు ఆ పుస్తకాలేవీ చదవకుండానే "ప్రభువులోకి వచ్చాం" అంటున్నారు. మతం మారామనరు, సంఘంలో చేరామనరు. పౌలు పలుకుబడి ఎవరూ నేర్పకుండానే మన ఊరి నోట నిలిచింది. నాకు ఇది చాలా గర్వంగా ఉంటుంది.

అయితే ఆ పలుకుబడి పుట్టిన చోటును మాత్రం మరిచిపోయాం. గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం 20వ వచనం మన ఇళ్లలో గోడ క్యాలెండర్ల మీద, పెళ్లి పత్రికల మీద, ఆటోల వెనక కనిపిస్తుంది. తాను క్రీస్తుతో పాటు సిలువ వేయబడ్డాననీ, ఇక బతుకుతున్నది తాను కాదనీ, తనలో క్రీస్తు బతుకుతున్నాడనీ పౌలు చెప్పే చోటు అది. ఆత్మీయ గుర్తింపు మీద ఎవరు ప్రసంగం చేసినా దానితోనే మొదలుపెడతారు. కానీ పౌలు ఆ మాట మోకాళ్ల మీద ప్రార్థిస్తూ చెప్పలేదు. అన్నం దగ్గర జరిగిన తగవులో చెప్పాడు. తొమ్మిది వచనాలు వెనక్కి వెళ్లి చూడండి. అంతియొకయలో పేతురు యూదేతరులతో కలిసి కూర్చుని తింటున్నాడు. యెరూషలేము నుంచి యాకోబు తరఫువాళ్లు రాగానే భయపడి, ఆ పంక్తిలోంచి లేచి పక్కకు పోయాడు. మిగతా యూదులూ లేచారు, చివరికి బర్నబా కూడా లేచాడు. పౌలు పేతురును అందరి ముందూ, ముఖం మీదే నిలదీశాడు. ఆ నిలదీత కొనసాగి కొనసాగి ఆ 20వ వచనానికి చేరుతుంది. ఇంకొక సంగతి. శిష్యులకు క్రైస్తవులన్న పేరు మొదట వచ్చింది కూడా అదే అంతియొకయలో. మనకు పేరు పెట్టిన ఊళ్లోనే మనవాళ్లు పంక్తి విడగొట్టారు. 1980ల్లో జేమ్స్ డన్ వంటి పండితులు ఈ ఘట్టాన్ని పౌలు ఆలోచనకు మలుపుగా చూపించారు. పంక్తి అంటే ఏమిటో, పంక్తి నుంచి లేపడమంటే ఏమిటో ఒంటితో తెలిసిన మనకు మాత్రం దాన్ని చెప్పడానికి పండితులు అక్కర్లేదు.

నా మాట ఇక్కడే చెప్పేస్తాను. క్రీస్తులో మన గుర్తింపు ఏమిటన్నది ముందు పంక్తిలో తేలుతుంది. ఎవరితో కూర్చుని తింటాం, ఎవరింట పిల్లనిస్తాం, ఎవరి పక్కన పాతిపెట్టించుకుంటాం అన్నవే దానికి కొలతలు. మిగతా జవాబులు ఎంత విలువైనవైనా ఈ కొలత ముందు నిలబడాల్సిందే.

మొదటి జవాబు లూథరన్లది. మనిషి ఏకకాలంలో నీతిమంతుడూ పాపీ అని లూథరు చెప్పాడు. నీతి బయటి నుంచి వచ్చేది, క్రీస్తుది, మనకు అప్పుగా కాక దానంగా దొరికేది. ఈ మాటను మా ప్రాంతంలో పుత్తూరు కట్టుతో పోల్చి చెప్పవచ్చు. ఎముక విరిగినవాడు తన ఎముకను తాను కూర్చుకోలేడు. కట్టేవాడు సరిచేసి, ఆకు మందు వేసి, బద్దలు పెట్టి కడతాడు. రోగి చేసేదల్లా ఆ చేతిలో చెయ్యి పెట్టడమే. లూథరన్ బోధలోని ఊరట ఇదే. నిన్ను సరిచేసేది నీ పుణ్యం కాదని తరతరాలుగా అపవిత్రుడివనిపించుకున్న మనిషికి చెప్పడం చిన్న విషయం కాదు. కానీ కట్టు విప్పాక చెయ్యి పని చెయ్యాలి. లోటా ఎత్తాలి, బిడ్డనెత్తుకోవాలి. మా పాత సంఘాల్లో చాలామంది కట్టు విప్పాక కూడా చేతిని మెడకు వేలాడదీసుకునే తిరిగారు. చిన్నప్పుడు బాప్తిస్మం, పెద్దయ్యాక నిర్ధారణ, క్రిస్మస్‌కు కొత్త బట్టలు, ఏడాదికోసారి చందా. అంతటితో సరి.

ఆ నిద్రను కదిలించిన జవాబు ఉజ్జీవ బోధకులది. పంజాబీ సిక్కు కుటుంబంలో 1903లో పుట్టిన భక్తసింగ్ 1941లో మద్రాసులో యెహోవా షమ్మా సహవాసం మొదలుపెట్టాడు. 1950లో హైదరాబాదులో ఆ సహవాసానికి హెబ్రోను కేంద్రం వచ్చింది. మారుమనస్సు నీదిగా ఉండాలి, బైబిలు నువ్వే చదవాలి, వారంవారం బల్లారాధనలో కూర్చోవాలి అన్నాడు. ఆయన కూటాల్లో వేలమంది నేల మీద చాపలు పరుచుకుని ఒకే వంట తిన్నారు. అది చూసినవాళ్లు ప్రసంగం మరిచిపోయినా ఆ భోజనాన్ని మరిచిపోలేదు. ఆ సహవాసాల్లో ఆదరణ పొందిన పుస్తకాల్లో చైనా బోధకుడు వాచ్‌మన్ నీ రాసిన సాధారణ క్రైస్తవ జీవితం ఒకటి. 1957లో అది ఇంగ్లీషులో వచ్చేనాటికే ఆయన చైనా జైల్లో ఉన్నాడు, 1972లో నిర్బంధంలోనే చనిపోయాడు. రోమా పత్రిక ఆరో అధ్యాయం పట్టుకుని, పాత మనిషి క్రీస్తుతో పాటు ఎప్పుడో చనిపోయాడనీ విశ్వాసి ఆ సంగతి తెలుసుకుని, లెక్కలోకి తీసుకుని నడవాలనీ ఆయన చెప్పాడు. తాగుడు మానిన తండ్రులు, భార్యను కొట్టడం మానిన మగవాళ్లు ఈ బోధలోంచి చాలామంది వచ్చారు. అది కళ్లతో చూసిన సాక్ష్యం, తక్కువ చేయను. అయితే ఈ బోధ చూపు ఎక్కువగా లోపలికే. పాత మనిషిలోని కోపం, కామం, తాగుడు కనిపించినంతగా పాత మనిషిలోని కులం దానికి కనిపించలేదు.

మూడో జవాబు ఇప్పుడు అన్ని చోట్లా వినిపించేది. నువ్వు రాజకుమారుడివి, తలవే గాని తోకవు కాదు, రోగం నీది కాదు, లేమి నీది కాదు, నోటితో ప్రకటించు అంటుంది. దీనికి మూలాల్లో అమెరికా పుస్తకాలున్నాయి. 1990లో నీల్ ఆండర్సన్ రాసిన పుస్తకంలో క్రీస్తులో నేనెవరిని అంటూ వచనాల జాబితా ఉంటుంది. ఆయన ఉద్దేశం మంచిదే. అపరాధ భావంతో కుంగినవాళ్లకు వాళ్ల విలువ గుర్తు చేయడం. మన దగ్గరికి వచ్చేసరికి అది డిసెంబరు 31 రాత్రి పళ్లెంలోంచి తీసుకునే వాగ్దానం కార్డుతో కలిసిపోయింది. ఆ కార్డు మీద నాకు ప్రేమే. ఏడాది పొడుగునా అద్దం మూలకు గుచ్చుకుని, ఆస్పత్రికి పోయేటప్పుడు చీర కొంగున ముడేసుకునే తల్లులను ఎరుగుదును. నా అభ్యంతరం వేరే. క్రీస్తులో మనమెవరో చెప్పే మాటలను పౌలు ఎక్కువగా సంఘాలకు రాశాడు, బహువచనంలో రాశాడు. ఇంగ్లీషులో "నీవు"కూ "మీరు"కూ ఒకే మాట కాబట్టి అక్కడి పాఠకుడు అంతా తనకే అనుకోవడానికి వీలుంది. తెలుగు బైబిలులో ఆ తికమక లేదు. దేవుడు మనిషితో మాట్లాడితే నీవు, పౌలు సంఘంతో మాట్లాడితే మీరు. ఇంగ్లీషు పుస్తకాల నుంచి ప్రసంగాలు తయారుచేసుకున్న మన బోధకులు ఆ "మీరు"ను మళ్లీ "నువ్వు"గా మార్చారు. మన భాష దాచి ఉంచిన అర్థాన్ని మనమే జారవిడిచాం. అందరం కలిసి ఒక శరీరం అన్న మాట కాస్తా, నేనొక్కణ్ణి దీవెన పొందినవాణ్ణి అన్న మాటగా మిగిలింది.

ఇక గడప దగ్గరి జవాబు. పల్లెలో ఎక్కువమంది క్రైస్తవ జీవితం అంటే దీన్నే చెబుతారు. బొట్టు పెట్టుకోం, ప్రసాదం తినం, జాతరకు చందా ఇవ్వం, సంక్రాంతికి ముగ్గులో గొబ్బెమ్మ పెట్టం. గంగమ్మ జాతరలో వేట కోస్తే పక్కింటివాళ్లు ప్రేమగా పంపిన కూర గిన్నె ఏం చేయాలన్నది మా వైపు ఏటా వచ్చే సమస్యే. కొరింథులో విగ్రహాలకు పెట్టిన మాంసం గురించి వచ్చిన ప్రశ్న కూడా ఇదే, పౌలు ఇచ్చిన జవాబు మన గడప నియమాలంత సూటిగా లేదు. విగ్రహంలో ఏమీ లేదన్న జ్ఞానం సరే, నీ తిండి వల్ల బలహీనుడైన సోదరుడు తడబడితే తినొద్దన్నాడు. బల్ల మీద పెట్టినదాన్ని ఆరా తీయకుండా తినమన్నాడు, ఇది బలి ఇచ్చినదని ఎవరైనా చెబితే అతని మనస్సాక్షి కోసం మానమన్నాడు. ప్రతి చోటా అతని కన్ను అవతలి మనిషి మీదే ఉంది. మన నియమాల్లో అవతలి మనిషి కనిపించడు. గిన్నె తిప్పి పంపినప్పుడు పక్కింటి అత్త ముఖం ఎలా మాడిందో ఎవరూ అడగరు. ఆరాధన వేరు, పొరుగు వేరు. దేవుడి ముందు నిలబడే విషయంలో రాజీ లేకుండా ఉంటూనే, పొరుగువాళ్ల పెళ్లికి, చావుకు, వ్యవసాయానికి అందరికంటే ముందు వెళ్లేవాళ్లు మా పల్లెల్లో ఉన్నారు. ఊరు వాళ్లను "యేసయ్య మనుషులు" అని గౌరవంగానే పిలుస్తుంది.

గడప నియమాల భారం ఎవరి మీద పడిందన్నది కూడా చూడాలి. దాదాపు అంతా ఆడవాళ్ల మీదే. బొట్టు, పూలు, గాజులు, తాళి అన్నీ ఆమె ఒంటి మీదివే. సిలువ వేసిన తాళి కట్టే సంఘాలున్నాయి, నగలన్నీ తీసేయమనే సంఘాలున్నాయి. సంఘం మారినప్పుడల్లా ఆమె ముఖం మారాలి. మగవాడు జాతర పందిట్లో కూర్చుని వచ్చినా అతని నుదుటి మీద ఎవరికీ ఏమీ కనిపించదు. బొట్టు లేని నుదుటిని చూసి "అయ్యో, ముత్తయిదువేనా" అనే మాటలు పడేదీ ఆమే, బొట్టు పెట్టుకుందని సంఘంలో బల్ల దగ్గర నిలిపేసేదీ ఆమెనే. తెలుగునాట సువార్తను ఇల్లిల్లూ తిప్పింది బైబిలు స్త్రీలు. జేమ్స్ ఎలీషా తనేటి 2013లో తెచ్చిన పుస్తకం ఆ స్త్రీల చరిత్రనే తవ్వింది. ఈ రోజు కూడా మధ్యాహ్నం ఉపవాస ప్రార్థనలో కూర్చునేది వాళ్లే. గుర్తింపు మోసేది వాళ్లు, దాని నియమాలు రాసేది మగవాళ్లు. ఇది మారకుండా క్రీస్తులో స్త్రీ పురుషుల భేదం లేదని ప్రసంగించడం నాకు కష్టంగా ఉంటుంది.

కొందరు గడపనే ప్రశ్నించారు. కృష్ణా జిల్లా మునిపల్లెలో ఉపాధ్యాయుడు కలగర సుబ్బారావు 1942లో తనకు క్రీస్తు దర్శనం కలిగిందన్నాడు. బాప్తిస్మం వద్దన్నాడు, సంఘం వద్దన్నాడు. క్రీస్తు భక్తుడిగా పాటలు రాశాడు, రోగుల కోసం ప్రార్థించాడు. 1981లో చనిపోయేదాకా వేలమంది ఆయన దగ్గరికి వచ్చారు. డెన్మార్క్ పండితుడు కై బాగో 1968లోనే ఆ ఉద్యమం గురించి పుస్తకం రాశాడు. మనకు ఇంకా దగ్గరగా, హెర్బర్ట్ హోఫర్ అనే లూథరన్ పండితుడు మద్రాసు నగరంలోనూ తమిళ పల్లెల్లోనూ బాప్తిస్మం తీసుకోకుండా క్రీస్తును మాత్రమే ఆరాధించేవాళ్లను వెతికి, 1991లో సంఘం లేని క్రైస్తవం అంటూ పుస్తకం తెచ్చాడు. అలాంటి ఇళ్లు మా వైపూ ఉన్నాయి. శుక్రవారం మందిరానికి వచ్చి వెనక వరసలో కూర్చుని వెళ్లే నాయుళ్ల, రెడ్ల ఇళ్ల ఆడవాళ్లను చూడని పాస్టరు ఉండడు. వాళ్ల భక్తిని శంకించే హక్కు నాకు లేదు. కానీ ఒక ప్రశ్న అడగక తప్పదు. బాప్తిస్మం అంటే వాళ్ల జంకు నీళ్లంటేనా, నీళ్లలోంచి లేచాక ఎవరి పక్కన కూర్చోవాలో దాని గురించా? ఇంటి నుంచి గెంటేస్తారన్న భయం నిజమైనదే, ఆ భయంతో ఉన్న కోడలిని నేను తప్పు పట్టను. ఆ మాట సుబ్బారావు లాంటి పెద్దలకు మాత్రం వర్తించదు. సంఘాన్ని కాదన్నప్పుడు, ఆ సంఘంలో కూర్చున్న మాల మాదిగలను కూడా కాదన్నట్టయింది.

ఇలా పల్లె నేల మీద నిలబడి రాసిన పుస్తకం ఒకటుంది. పి.వై. లూక్, జాన్ కార్మన్ కలిసి మెదక్ ప్రాంతపు పల్లెల్లో తిరిగి 1968లో తెచ్చిన అధ్యయనం అది. ఆదివారం పాటలు పాడే ఇంట్లోనే తాయెత్తులు, ఊరి దేవతల పండుగలు, కుల పంచాయతీలు కలిసి ఉండడాన్ని వాళ్లు ఎవరినీ ఎద్దేవా చేయకుండా రాశారు. అదే కార్మన్, చిలుకూరి వసంతరావుతో కలిసి యాభై ఏళ్ల తరువాత మళ్లీ అవే పల్లెలకు వెళ్లాడు. 2014లో వచ్చిన ఆ పుస్తకంలో పాత సంఘాలు చాలాచోట్ల బలహీనపడి, కొత్త స్వతంత్ర సంఘాలు లేవడం కనిపిస్తుంది. మా ప్రాంతానికి ఇలాంటి పుస్తకం ఇంకా రావాల్సే ఉంది. ఎవరైనా యువ పరిశోధకులు చదువుతుంటే, పుత్తూరు–రేణిగుంట దారిలోని పల్లెలు మీ కోసం ఎదురుచూస్తున్నాయని చెప్పడానికే ఈ వాక్యం.

పంక్తి దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే మన పూర్వికులకు ఈ పరీక్ష తెలియకపోలేదు. 1850లో మద్రాసు మిషనరీల సమావేశం ఒక తీర్మానం చేసింది. బాప్తిస్మానికి వచ్చేవాళ్లు కులం వదిలామన్నదానికి రుజువుగా, తక్కువగా చూసే కులంవాళ్లు వండిన అన్నం తినాలని అందులో పెట్టారు. లైప్‌జిగ్ లూథరన్లు దానితో కలవలేదు. కులం సామాజిక ఆచారమే గదా, నెమ్మదిగా పోతుంది అన్నారు. పోలేదు. ఒంగోలులో మిషనరీ జాన్ క్లౌ దగ్గర పై కులాలవాళ్లు, మాదిగలను వదిలిపెడితే మేం వస్తాం అన్నప్పుడు ఆయన మాదిగలనే ఎంచుకున్నాడు. యెర్రగుంట్ల పేరయ్య లాంటి తోళ్ల వర్తకుడు ఆ ఉద్యమానికి కాళ్లయ్యాడు. కరువు తరువాత 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరి చేతా తల మీద చెయ్యి పెట్టించి సువార్త చెబుతానని ఒట్టు వేయించేవాడు. చెప్పులు కుట్టే చెయ్యి, పొలం కోసే చెయ్యి తన తల మీదే ఉండి తన పిలుపును ఒప్పుకోవడం కంటే పెద్ద గుర్తింపు పాఠం నాకు కనబడలేదు.

మరి ఇప్పుడు? పెళ్లి సంబంధాల ప్రకటనలు చూడండి. మాల క్రిస్టియన్, మాదిగ క్రిస్టియన్, రెడ్డి క్రిస్టియన్, కమ్మ క్రిస్టియన్. ముందు కులం, తరువాత క్రీస్తు. ఒకే పల్లెలో రెండు వాడలకు రెండు మందిరాలు ఉంటాయి, రెంటిలోనూ ఒకే కీర్తనల పుస్తకం, ఒకే బైబిలు. సంఘాల ఎన్నికల్లో జరిగే లెక్కలు అందరికీ తెలిసినవే. 1981లో బెంగుళూరులో అరవింద్ నిర్మల్ మొదలుపెట్టిన దళిత వేదాంతం ఈ మౌనాన్ని పగలగొట్టింది. క్రీస్తులో గుర్తింపు దొరికిందంటే దళితుడిగా నా గాయం చెరిగిపోవడం కాదు, ఆ గాయాన్ని దేవుడు తనదిగా చేసుకోవడం అన్నాడు. తెలుగులో జాషువా దీన్ని అంతకు నలభై ఏళ్ల ముందే, 1941లో, గబ్బిలంతో కబురు పంపి చెప్పాడు. ఆ కవే క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నాడు. దళిత వేదాంతం మీద ఆత్మీయత తక్కువన్న విమర్శ ఉంది. ప్రార్థన మోకాళ్లను అది మరీ త్వరగా దాటిపోయిందన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ పేతురును నిలదీసిన పౌలు వరసలోనే అది నిలబడింది.

ఇక కాగితం సంగతి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం. పల్లెల్లో ఆదివారం చూసినవాళ్లెవరూ ఆ అంకెను నమ్మరు. అంకె అంత చిన్నదవడానికి కారణం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవుడైన దళితుడు మన రాష్ట్రంలో బీసీ–సీ, 1 శాతం కోటా. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ హోదాను మతంతో ముడిపెట్టొద్దంది. 2022 అక్టోబరులో కేంద్రం కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది, గడువు పెంచింది. 2023 మార్చి 24న ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానించింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, విశ్వాసం లేకుండా రిజర్వేషన్ కోసమే మతం చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమే అంది. ఈ నడుమ పల్లెలో ఒక తల్లి తన బిడ్డ హాస్టలు సీటు కోసం సర్టిఫికెట్‌లో ఒక పేరు, మందిరంలో ఒక పేరు ఉంచుకుంది. ఆమెను రెండు నాలుకల మనిషి అనడానికి నాకు నోరు రాదు. ఆమె కులం నిజం, దాని గాయం నిజం. చట్టం ఆ గాయాన్ని గుర్తించడానికి దేవుడి పేరు అడుగుతోంది, అక్కడ తప్పు చట్టానిది. అయితే ఈ హోదా కోసం మనం కోర్టుల్లో చెప్పే మాట మనల్నే వేలెత్తి చూపుతుంది. క్రైస్తవంలోకి వచ్చినా కులం పోలేదని మనమే సాక్ష్యమిస్తున్నాం. ఆ సాక్ష్యం కోర్టులో చెప్పి, సంఘంలో మాత్రం మాకు కులం లేదని పాడడం కుదరదు.

దీనితో కలిపేసి చూసే ఇంకో విషయం ఉంది, రెండింటినీ కలపకూడదు. తిరుమల తిరుపతి దేవస్థానాల్లో పని హిందువులకే అన్న నిబంధన ఉంది. 2025 ఫిబ్రవరిలో అన్యమత ఆచరణ పేరుతో 18 మంది ఉద్యోగుల మీద దేవస్థానం చర్య తీసుకుంది. ఆ వ్యక్తుల సంగతి నేను మాట్లాడను. మన సంగతి మాట్లాడతాను. ఒక ఆలయ సంస్థ తన కొలువులో ఉండేవాళ్ల విశ్వాసం అడిగితే, ఆ స్వామి ముందు అబద్ధపు ప్రమాణం చేసి జీతం తీసుకోవడం క్రీస్తులో ఉండడం కాదు. అది పొరుగువాడి భక్తిని అవమానించడం కూడా. ఈ మాట మన పాస్టర్లు వేదిక మీద చెప్పాలి. మనకు రావాల్సిన న్యాయం అడిగే నోటికి ఈ నిజాయితీ కూడా ఉండాలి.

కొలతలో నిలబడిన పనులూ మా నేల మీద ఉన్నాయి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మిషన్లన్నీ కలిసి క్షయ ఆస్పత్రి తెరిచాయి. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపాడు. ఇంట్లోవాళ్లే కంచం వేరు పెట్టే రోగం అది. అన్ని కులాల, అన్ని మతాల రోగులూ అక్కడికి వచ్చి, ముట్టుకునే చేతులను చూశారు. దేశంలో బీసీజీ టీకా 1948లో మొదలైంది మదనపల్లెలోనే. అక్కడి నర్సమ్మలు క్రీస్తులో తామెవరో జాబితా చదివి చెప్పలేదు. కఫం గిన్నెలు కడిగారు.

చావు దగ్గర కూడా ఇదే ప్రశ్న తిరిగొస్తుంది. 2025 జనవరిలో ఛత్తీస్‌గఢ్‌లో ఒక పాస్టరును సొంత ఊళ్లో పాతిపెట్టే విషయం సుప్రీంకోర్టు దాకా పోయింది. ఇద్దరు న్యాయమూర్తులు రెండు రకాలుగా తీర్పు చెప్పి, చివరికి 20 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న క్రైస్తవ స్మశానంలో పాతిపెట్టమన్నారు. అది బయటివాళ్లు మన మీద గీసిన గీత. మా పల్లెల్లో మాల విశ్వాసికొక చోటు, మాదిగ విశ్వాసికొక చోటు అని గీసింది మాత్రం మనమే. ప్రభువునందు నిద్రించాక కూడా పక్కపక్కన పడుకోనివ్వడం లేదు.

సంఘ పెద్దలారా, పాస్టరుగార్లారా, అమ్మగార్లారా. సెమీ క్రిస్మస్‌లు, ట్రీ సెలబ్రేషన్లు, ప్రేమవిందులు మళ్లీ వస్తాయి. ఈ ఏడాది ఒక పని చేయండి. వడమాలపేట చుట్టుపక్కల రెండు వాడలున్న పల్లెలన్నిటిలో రెండు సంఘాలూ కలిసి ఒకే ప్రేమవిందు పెట్టండి. మాలపల్లిలో పొయ్యి పెడితే మాదిగపల్లి అక్కలు వండాలి, వచ్చే ఏడాది అటుది ఇటు. వెనక వరసలో కూర్చుని వెళ్లిపోయే నాయుడమ్మకు, రెడ్డెమ్మకు కూడా కబురు పంపండి. అందరినీ ఒకే వరసలో నేల మీద కూర్చోబెట్టి, వడ్డన మొదలయ్యే ముందు గలతీ రెండో అధ్యాయం పదకొండో వచనం నుంచి ఇరవయ్యో వచనం దాకా చదవండి.